దూది వత్తి, తీగ చుట్ట: ఈ-సిగరెట్ లోపలి లెక్క

దీపపు కుందిలో వత్తి ఎలా పనిచేస్తుందో ఎరిగిన వారికి, కరెంటు పొయ్యి పింగాణీ పలకలో ఎర్రబడే స్ప్రింగు తీగను చూసిన వారికి, ఈ-సిగరెట్ అంతరంగం పెద్ద వింతగా తోచదు. వత్తి ద్రవాన్ని పైకి తెస్తుంది. తీగ విద్యుత్తును వేడిగా మారుస్తుంది. ఈ రెండు పాత పనులనూ బొటనవేలి గోరంత చోటులో కలిపి కట్టడమే ఈ సాధనంలోని విశేషం. చుట్ట అనే తెలుగు మాటకు తీగ చుట్ట అనీ, పొగాకు చుట్ట అనీ రెండర్థాలుండడం కాకతాళీయమే అయినా, ఇక్కడ ఆ రెండూ ఒకే వస్తువులో కుదిరాయి.

నిప్పు లేకుండా ఆవిరిని పీల్చే సాధనం కోసం అమెరికాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1965లోనే పేటెంటు పొందాడు గాని అది బజారుకు ఎక్కలేదు. చైనాకు చెందిన ఔషధ నిపుణుడు హాన్ లిక్ 2003లో రూపొందించిన సాధనంతోనే నేటి ఈ-సిగరెట్ చరిత్ర మొదలయింది. తొలినాళ్లలో కర్మాగారం బిగించి పంపిన చుట్ట మాడిపోతే దానిని పారవేసి కొత్తది కొనడమే దారి. తీగను, వత్తిని తామే మార్చుకోవచ్చునని కొందరు ఔత్సాహికులు గ్రహించిన పిమ్మట, తిరిగి కట్టుకునే అటామైజర్లు వచ్చాయి. అటామైజర్ అంటే ద్రవాన్ని ఆవిరి తుంపరగా మార్చే భాగం. ఒక చిన్న లోహపు పీఠం, దానిమీద రెండు మూడు పొట్టి స్తంభాలు, తీగ కొనలను పట్టి ఉంచే మరలు, గాలి వచ్చే రంధ్రాలు. అంతకు మించి దానిలో ఏమీ ఉండదు. మిగిలినదంతా కట్టేవాని చేతి పనే. అమెరికా, బ్రిటన్, ఫిలిప్పీన్స్ వంటి దేశాలలో ఈ చేతిపని 2010 దశకంలో ఒక వ్యాసంగంగా, పోటీలు పెట్టుకునే కళగా కూడా పెరిగింది.

ఆ కళ ఎక్కడ శాస్త్రమో, ఎక్కడ ప్రదర్శనో, ఎక్కడ ప్రాణాపాయమో తెలియాలంటే సాదా చుట్టతో మొదలుపెట్టవలసి ఉంటుంది.

తీగకు వాడే లోహాలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి నిక్రోమ్. నికెల్, క్రోమియం కలిపిన ఈ మిశ్రమలోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఇస్త్రీపెట్టె, కరెంటు పొయ్యి, రొట్టెలు కాల్చే టోస్టరు అన్నీ దీని సంతానమే. రెండవది కాంథాల్. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన స్వీడన్ దేశపు లోహం. దానిని రూపొందించిన హాన్స్ ఫాన్ కాంట్‌జోవ్ పేరులోని మొదటి భాగం, హాల్‌స్టాహమార్ అనే ఊరి పేరులోని మొదటి భాగం కలిపి ఆ పేరు పెట్టారు. వేడెక్కినపుడు కాంథాల్ ఉపరితలంమీద అల్యూమినియం ఆక్సైడు పొర ఏర్పడుతుంది. తీగ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా విద్యుత్తు అడ్డదారిలో దూకిపోకుండా చుట్టంతా తిరిగి రావడానికి ఇటువంటి పొరే కారణం. నిక్రోమ్‌కు క్రోమియం ఆక్సైడు పొర ఆ పని చేస్తుంది.

ఇక లెక్క. 0.4 మిల్లీమీటరు మందం గల నిక్రోమ్ తీగకు మీటరుకు సుమారు 8.7 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. దానిని 3 మిల్లీమీటర్ల కడ్డీమీద ఆరు చుట్లు చుడితే 64 మిల్లీమీటర్ల తీగ పడుతుంది. స్తంభాలకు చేరే కాళ్లకు మరో 10 వేసుకుంటే 74. నిరోధం 0.64 ఓమ్. నిండుగా ఛార్జి అయిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది గనుక ప్రవాహం ఆరున్నర ఆంపియర్లు, శక్తి 27 వాట్లు. అదే కొలతలో కాంథాల్ వాడితే నిరోధం 0.85 ఓమ్ దాకా పెరుగుతుంది, శక్తి తగ్గుతుంది. ఒక చుట్టకు బదులు రెండు చుట్టలను సమాంతరంగా బిగిస్తే నిరోధం సగమవుతుంది, ప్రవాహం రెట్టింపవుతుంది. పదవ తరగతి భౌతికశాస్త్రం దాటిన విషయం ఇందులో ఏదీ లేదు. కాని ఈ చిన్న లెక్క వేయకుండా తీగ చుట్టడమంటే కొలవకుండా మందు పోయడమే.

సాదా చుట్ట చాలదని ఎందుకు అనిపించింది? ద్రవాన్ని తాకే ఉపరితలం తక్కువ కావడమే కారణం. పైన చెప్పిన చుట్టకు ఉపరితలం 80 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. ప్రతి చదరపు మిల్లీమీటరు సుమారు 0.3 వాటు వేడిని వదలాలి. ఎక్కువ ఆవిరి కావాలని శక్తి పెంచితే ఆ కొద్ది చోటే మరింత కాగి, వత్తి తడిని అందించే లోపే మాడుతుంది. శక్తి పెంచకుండా ఉపరితలం పెంచే దారి కోసం వెదికిన వారు గిటారు దగ్గర ఆగారు.

గిటారులోని మంద్రస్వరపు తంత్రిని గమనిస్తే, లోపల ఒక తీగ, దాని చుట్టూ మరింత సన్నని తీగ వత్తుగా చుట్టి ఉంటుంది. అచ్చం అలా కట్టిన తీగతో చేసిన చుట్టకు ప్రసిద్ధ గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ పేరు పెట్టారు. క్లాప్టన్ చుట్ట అనే మాట ఈ వ్యాసంగంలో అలా స్థిరపడింది. ఆ విద్వాంసునికీ ఈ సాధనానికీ పేరు తప్ప వేరే సంబంధం లేదు.

క్లాప్టన్ లెక్క చూడదగినది. 0.4 మిల్లీమీటరు తీగ ఒక మీటరు తీసుకుని, దానిమీద 0.1 మిల్లీమీటరు తీగను సందు లేకుండా చుట్టాలంటే పదివేల చుట్లు కావాలి. అందుకు పట్టే సన్నతీగ పొడవు 15.7 మీటర్లు. ఆ సన్నతీగ ఉపరితలం లోపలి తీగ ఉపరితలానికి దాదాపు నాలుగు రెట్లు. బరువు మాత్రం లోపలి తీగతో సమానం. అంటే మొత్తంమీద లోహం రెట్టింపు, ఉపరితలం నాలుగింతలు. మరి విద్యుత్తు? పై తీగ మెలికలు తిరిగిన సుదీర్ఘ మార్గం కావడం వల్ల దాని నిరోధం రెండువేల ఓమ్‌లకు పైబడుతుంది. లోపలి తీగ నిరోధం తొమ్మిది ఓమ్‌లు కూడా లేదు. ప్రవాహమంతా లోపలి తీగలోనే సాగుతుంది. పై తీగ ఆ వేడిని అందుకుని పంచిపెట్టే పరిచారిక మాత్రమే. చుట్లమధ్య ఏర్పడే సన్నని గాళ్లలో ద్రవం నిలుస్తుంది. ఉపరితలంలో కొంత భాగం లోపలివైపే ఉండిపోతుంది గనుక నాలుగింతల లాభం పూర్తిగా దక్కదు. అయినా దక్కినది తక్కువేమీ కాదు.

లాభానికి వెల కూడా ఉంది. లోహం రెట్టింపయింది గనుక అదే శక్తితో వేడెక్కడానికి ఆ మేరకు ఆలస్యమవుతుంది. మీట వదిలాక చల్లబడడానికీ ఆలస్యమే. ఈ జాప్యాన్ని సహించలేక శక్తి పెంచేవారు తిరిగి మొదటి ఇబ్బందికే వస్తారు. అందుకే లోపలి తీగను ఒకటికి బదులు రెండు మూడు పక్కపక్కన పేర్చి, వాటన్నిటినీ కలిపి సన్నతీగతో చుట్టే పద్ధతి వచ్చింది. దీనిని ఫ్యూజ్డ్ క్లాప్టన్ అంటారు. రెండు తీగలు సమాంతరంగా ఉండడం వల్ల నిరోధం సగానికి పడిపోతుంది. పైన చెప్పిన కొలతలతో ఇటువంటి చుట్టలు రెండు బిగిస్తే మొత్తం నిరోధం 0.17 ఓమ్, నిండు బ్యాటరీనుంచి ప్రవాహం 25 ఆంపియర్లు, శక్తి 100 వాట్లకు పైన. ఈ 25 అనే అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని అవసరం ముందు రాబోతున్నది.

క్లాప్టన్ తరువాత వచ్చినవన్నీ దాని శాఖోపశాఖలే. గుండ్రని తీగలకు బదులు బల్లపరుపు రిబ్బను తీగలను కాగితాల దొంతరలా పేర్చి చుట్టినది స్టేపుల్ చుట్ట. స్టేప్లరు పిన్నుల వరుసలా కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఆ దొంతరకు ఇరువైపులా గుండ్రని తీగను చట్రంలా నిలిపితే ఫ్రేమ్డ్ స్టేపుల్. అన్నిటిలోకీ కష్టమైనదిగా పేరుబడ్డది ఏలియన్. దీనికి ముందు ఒక క్లాప్టన్ తీగను కట్టి, లోపలి తీగను మెల్లగా బయటికి లాగివేస్తారు. వెంట్రుకంత తీగతో చేసిన స్ప్రింగు మిగులుతుంది. దానిని కొలత చూసుకుని సాగదీసి, ఆ అలలు చెదరకుండా మూడు నాలుగు తీగల కట్టమీద తిరిగి చుడతారు. అల అలలో ఇమిడి, పాము పొలుసుల వంటి నగిషీ తేలుతుంది. సాగదీయడం వీసమెత్తు ఎక్కువైతే అలలు చదునైపోతాయి. తక్కువైతే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి.

ఈ పనికి కావలసిన పనిముట్లు ఆశ్చర్యం కలిగించేంత మామూలువి. లోపలి తీగల ఒక కొనను డ్రిల్లు యంత్రపు మూతిలో బిగిస్తారు. రెండవ కొనను చేపల గాలానికి వాడే తిరుగుడు కొక్కెంలో తగిలిస్తారు. డ్రిల్లు తిరిగితే తీగలు పురి పడకుండా ఆ కొక్కెమూ తిరుగుతుంది. సన్నతీగను వేలితో కొద్దిగా బిగువుగా పట్టి, తానంతట తాను అల్లుకుపోయేలా వదులుతారు. బిగువు ఎక్కువైతే తీగ తెగుతుంది, తక్కువైతే సందులు పడతాయి. జరీ దారం చుట్టేవారి చేతికి ఈ బిగువు వెంటనే అర్థమవుతుంది. ఇలా తయారైన చుట్టల ఛాయాచిత్రాలు నగల దుకాణపు ప్రకటనల్లా మెరుస్తాయి. వాటిలో చాలా భాగం చూడముచ్చటకే తప్ప వాడుకకు కాదన్నది చెప్పుకోవలసిన సంగతి. ఒక హద్దు దాటాక పెరిగేది లోహపు బరువే గాని ఆవిరి కాదు.

జల్లెడ కథ వేరు. 2010 దశకం తొలినాళ్లలో జెనిసిస్ అనే తరహా అటామైజర్లలో అతి సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడను బీడీలా చుట్టి, దానినే వత్తిగా వాడేవారు. జల్లెడ లోహం గనుక తీగకు తగిలితే విద్యుత్తు దానిలోకి పారిపోతుంది. అందుకని దానిని మంటలో పలుమార్లు కాల్చి, పైన ఆక్సైడు పొర కట్టించేవారు. ఎక్కడో ఒకచోట పొర పలచబడితే అక్కడ తీగ ఒక్కసారిగా తెల్లగా మండేది. ఆ తలనొప్పి భరించలేక క్రమంగా అందరూ దూదికి మారారు. కొన్నేళ్లకు అదే జల్లెడ మరో వేషంలో తిరిగి వచ్చింది. ఈసారి వత్తిగా కాదు, తీగ స్థానంలోనే. పలుచని జల్లెడ పట్టీని విల్లులా వంచి దూదిమీద పరిస్తే వెడల్పుగా, సమంగా, త్వరగా వేడెక్కుతుంది. నేడు కర్మాగారాలు తయారుచేసే చుట్టల్లో చాలా వాటిలో ఉన్నది ఈ జల్లెడే. చేతితో కట్టేవారి ప్రయోగాల్లో పరిశ్రమకు అబ్బినది ఏలియన్ నగిషీ కాదు, ఈ సాదా పట్టీ.

తీగ ఎంత అందంగా ఉన్నా వత్తి సరిగా లేకపోతే అంతా వృథా. ఈ ద్రవంలో ముఖ్యంగా ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్. వాటికి తోడు సువాసన ద్రవ్యాలు, చాలా వరకు నికొటిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ వద్ద, రెండవది 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. వత్తి తడిగా ఉన్నంతసేపూ తీగ వేడి ద్రవాన్ని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది గనుక ఉష్ణోగ్రత ఆ మరుగు స్థానాల చుట్టుపక్కలే ఉంటుంది. నీరున్న గిన్నె మాడకపోవడానికీ ఇదే కారణం. తడి ఆరిన మరుక్షణం ఉష్ణోగ్రత ఎగబాకుతుంది, దూది మాడుతుంది, గ్లిసరిన్ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడు, ఎక్రోలిన్ వంటి విషవాయువులు పుడతాయి. గొంతును గీరుకుపోయే ఆ పీల్పును ఎండు పీల్పు అనవచ్చు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన లేఖ, వోల్టేజి పెంచితే ఆవిరిలో ఫార్మాల్డిహైడు సంబంధిత పదార్థాలు బాగా పెరుగుతాయని చూపింది. అంత వేడిలో వచ్చేది ఎండు పీల్పేనని, ఆ చేదును ఏ మనిషీ భరించి పీల్చడని ఇతర శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. ఈ వాదన ఎలా ఉన్నా, వేడి మితిమీరితే విషం పెరుగుతుందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

వత్తి ద్రవాన్ని లాగడం కేశనాళిక ధర్మం. నారల మధ్య సందులు మరీ ఇరుకైతే లాగే బలం ఉన్నా పారే ధార సన్నగిల్లుతుంది. మరీ వెడల్పయితే ద్రవం నిలవక కారిపోతుంది. గ్లిసరిన్ చిక్కదనం నీటికన్నా వెయ్యి రెట్లకు పైబడి ఉండడం వల్ల ఈ సమతూకం మరింత సున్నితమవుతుంది. దీపపు వత్తిని గట్టిగా పురిపెడితే మంట కొడిగట్టడం ఇల్లాళ్లకు తెలిసినదే. ఇక్కడా అదే సూత్రం. దూదిని చుట్టలోంచి లాగితే కొద్దిపాటి ఒరిపిడి తెలియాలి గాని చుట్ట కదలరాదు. బయటి కొనలను దువ్వి పలుచన చేసి, పీఠంలోని ద్రవపు గుంటను తాకేంత పొడవుకే కత్తిరించాలి. వాటిని గుంటలో కూరితే ద్రవం వచ్చే దారే మూసుకుపోతుంది. రేయాన్ నార తడిసినపుడు దూదిలా ఉబ్బదు గనుక దానిని మరికొంత బిగువుగా నింపుతారు. క్లాప్టన్ వంటి బరువైన చుట్టలు ఒక్క పీల్పులో ఎక్కువ ద్రవాన్ని తాగుతాయి. వాటికి లోవ్యాసం పెద్దది, వత్తి లావుది కావాలి. బరువైన చుట్టకు బక్క వత్తి వేయడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు.

వత్తి వేయకముందే చుట్టను పరీక్షించే పద్ధతి ఉంది. నిరోధం కొలిచి, అతి తక్కువ శక్తితో క్షణం పాటు వేడిచేసి చూస్తే, వెలుగు నడిమినుంచి మొదలై ఇరువైపులా సమంగా పాకాలి. ఒక చోటే ముందుగా ఎర్రబడితే అక్కడ చుట్లు సరిగా ఆనలేదని అర్థం. విద్యుత్తు ఆపి, పింగాణీ మొన గల పట్టకారుతో నొక్కి సరిచేస్తారు. టైటానియం తీగను మాత్రం ఇలా ఎర్రగా కాల్చరాదు. సాదా నిక్రోమ్ అయినా ఆరోగ్యానికి పూర్తిగా నిరపాయమనలేము. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, సీసాలోని ద్రవంకన్నా చుట్టను తాకి వచ్చిన ఆవిరిలో సీసం, క్రోమియం, నికెల్ వంటి లోహాలు ఎక్కువగా కనిపించాయి.

ఇప్పుడు ఆ 25 ఆంపియర్ల సంగతి. ఈ సాధనాల్లో ఎక్కువగా వాడే లిథియం బ్యాటరీ పేరు 18650. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు కావడం వల్ల ఆ పేరు. మంచి రకానివి 20నుంచి 30 ఆంపియర్ల వరకు నిరంతరం ఇవ్వగలవు. పాత లాప్‌టాప్ విప్పితే దొరికే 18650 చూపుకు అచ్చం అలాగే ఉన్నా, సాధారణంగా 5 ఆంపియర్లకు మించి తట్టుకోలేదు. ఎలక్ట్రానిక్ రక్షణ ఉన్న పెట్టె అయితే నిరోధం మరీ తక్కువైనపుడు పనిచేయడానికి నిరాకరిస్తుంది. ఏ రక్షణా లేని ఉత్త లోహపు గొట్టాలు కూడా ఉన్నాయి. మెకానికల్ అని పిలిచే ఆ సాధనంలో బ్యాటరీకీ చుట్టకూ మధ్య ఉన్నది ఒక మీట మాత్రమే. ఫ్యూజ్డ్ క్లాప్టన్ జంటను అటువంటి గొట్టంమీద బిగించి, లోపల లాప్‌టాప్ బ్యాటరీ వేస్తే, ఓర్వగలిగిన దానికి అయిదు రెట్ల ప్రవాహాన్ని దాని నుంచి లాగినట్లే. లోపలి రసాయనాలు కాగి వాయువులై, గొట్టానికి వాయువు పోయే రంధ్రాలు చాలకపోతే అది తుపాకీ గొట్టమే అవుతుంది. ఇది అలంకారం కాదు. 2018 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో 38 ఏళ్ల వ్యక్తి ఈ-సిగరెట్ పేలి, దాని ముక్క తలలోకి దూసుకుపోవడంతో మరణించాడు. 2019 జనవరిలో టెక్సాస్‌లో 24 ఏళ్ల యువకుడు, పేలిన ముక్క మెడలోని ముఖ్య రక్తనాళాన్ని తెంచడంతో ప్రాణాలు కోల్పోయాడు.

పేలుడుకు చుట్టే కారణం కానక్కరలేదు. ఈ బ్యాటరీలో పై బొడిపె తప్ప డొక్కంతా రుణ ధ్రువమే. దానిని కప్పి ఉంచేది పలుచని ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు చిరిగినా, జేబులో తాళపుచెవులు, నాణేలతో కలిసి తిరిగినా షార్ట్ సర్క్యూట్ కావచ్చు. అటామైజర్ అడుగు మేకు బ్యాటరీని నేరుగా తాకే గొట్టాల్లో, ఆ మేకు బయటికి పొడుచుకుని రాకపోతే మీట నొక్కగానే అదే జరుగుతుంది.

ఈ చేతిపని వెలుగు ఇటీవల తగ్గింది. 2020 తరువాత విదేశీ విపణిని వాడి పారవేసే సాధనాలు ముంచెత్తాయి. వాటిలో కట్టడానికీ విప్పడానికీ ఏమీ లేదు. చెత్త సమస్య, పిల్లల వాడకం కారణాలుగా బ్రిటన్ 2025 జూన్ 1నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది.

భారతదేశంలో మాత్రం ఈ వ్యవహారం మొత్తం చట్టవిరుద్ధం. కర్ణాటక 2016లోనూ, తమిళనాడు 2018లోనూ తమ పరిధిలో నిషేధం విధించాయి. సరిహద్దు కిటువైపు ఒక నియమం, అటువైపు మరొకటిగా సాగిన ఆ రోజులు 2019 సెప్టెంబరు 18న వెలువడిన కేంద్ర ఆర్డినెన్సుతో ముగిశాయి. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమయింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి అయితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. అమ్మకానికి నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. వాడకాన్ని మాత్రం ఆ చట్టం విడిగా శిక్షార్హం చేయలేదు. ఇంట్లో కూర్చుని తీగ చుట్టి నలుగురికి అమ్ముకోవచ్చునని తలచే యువకులు గమనించవలసిన మాట దానిలో ఒకటుంది. నిషేధం పూర్తి సాధనానికే కాదు, దాని ఏ భాగానికైనా వర్తిస్తుంది. నిక్రోమ్ తీగను ఇస్త్రీపెట్టె బాగుచేయడానికి ఎవరైనా కొనవచ్చు. అదే తీగను అటామైజర్ కోసం క్లాప్టన్‌గా చుట్టి అమ్మితే, అది ఆ భాగాలలో ఒకటవుతుంది.